ఆకు ఏ నేలదో చెప్పి అమ్మే చుట్టల కొట్టు, ఒంగోలు

ఒంగోలు ట్రంకు రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందుల్లో ఒకదానిలో ఉంది ఈ కొట్టు. బోర్డు లేదు. ముందు రేకుల వసారా, గుమ్మానికి తడిపిన గోనెపట్టా, లోపల పీట మీద కత్తెర, నీళ్ల గిన్నె. కొట్టు నడిపేది ఇద్దరు: ఆయన ఊళ్లు తిరిగి ఆకు కొనుక్కొస్తారు, ఆవిడ చుడతారు. కొట్టుకు పేరు పెట్టలేదేమని అడిగితే, "పేరు పెడితే బోర్డు రాయించాలి, బోర్డు రాయిస్తే దుమ్ము తుడవాలి" అన్నారు ఆవిడ. మా మామగారికి చుట్టలు ఇక్కడే కొంటున్నాను.

నేను పొగ తాగను. నాకు తెలిసింది ఆకు. టంగుటూరు చుట్టుపక్కల గ్రేడింగు షెడ్లలో కూలికి చేరి, తరువాత సూపర్‌వైజరునై, ఉద్యోగ జీవితమంతా పొగాకు ఆకు రంగు చూస్తూ, వేళ్ల మధ్య నలిపి చూస్తూ గడిపాను. కాబట్టి ఈ సమీక్షలో ఆకు గురించి చెప్పేవి నా మాటలు, పొగ గురించి చెప్పేవి మా మామగారి మాటలు. ఆయనకు ఎనభై దాటాయి. డాక్టరుగారు మానేయమన్నారు, ఆయన సాయంత్రానికి ఒకటికి దిగారు. అంతకు మించి దింపడం మా వల్ల కాలేదు. ఆ ఒక్కటీ బాగుండాలని పట్టుపడతారు. పొగాకు ఏ నేలలో పండినా నోటికీ ఊపిరితిత్తులకూ చేసే చెరుపు చేస్తుంది. ఇది చదివి కొత్తగా మొదలుపెట్టే వయసు వాళ్లెవరైనా ఉంటే ఇక్కడితో ఆపేయండి.

ఈ కొట్టు గురించి రాయడానికి కారణం ఒక్కటే. మిగతా చోట్ల చుట్ట అడిగితే "లంక పొగాకమ్మా, అసలైన లంక" అంటారు. గోదావరి లంకల్లో పండే ఆకంతా పోగేసినా రాష్ట్రంలో ఆ పేరుతో అమ్ముతున్న చుట్టల్లో ఎన్నింటికి సరిపోతుందో నాకైతే అనుమానమే. ఇక్కడ ఆయన కట్ట చేతికిచ్చే ముందు ఆకు ఎక్కడిదో, నేల ఏదో, నీళ్లు బావివా వానవా చెబుతారు. కొండపి వైపు ఆకును లంక ఆకని ఎవరికీ అంటగట్టరు. చుట్ట రుచిలో చుట్టే చేతి పాత్ర కొంతే, నేలదీ నీళ్లదీ చాలా ఎక్కువ. అది తెలిసి అమ్మేవారు నాకు ఇన్నేళ్లలో ఈ జిల్లాలో వీళ్లే కనిపించారు.

నేను కొనేవి మూడు రకాలు. నల్లరేగడి నాటు ఆకు చుట్టలు పదింటి కట్ట ఎనభై రూపాయలు. ఎర్ర గరప నేల ఆకుదైతే అరవై. లంక ఆకుది నూట ఇరవై. ఇవి కాక గుమ్మం దగ్గర డబ్బాలో విడిగా అమ్మే చవక రకం ఒకటుంది, దాని సంగతి తరువాత.

రేగడి కట్టే మా ఇంట్లో నిలిచింది. రేగడిలో పొగాకు పంట వానల మీద కాదు, వానలు వెళ్లిపోయాక నేలలో మిగిలిన పదును మీద బతుకుతుంది. ఈశాన్య రుతుపవనం తగ్గాక నాటిన మొక్క, పైన మంచు తప్ప మరో చుక్క లేకుండా, వేరును కిందికి పంపుకుంటూ పెరుగుతుంది. జనవరి దాటాక ఆ పదును కూడా తగ్గిపోతుంటే ఆకు సాగడం ఆపి మందం కడుతుంది. నికోటిన్ పెరుగుతుంది, పై నూగులోంచి బంక ఊరుతుంది. తలలు తుంచి పిలకలు తీసిన మొక్కలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే పువ్వుకూ గింజకూ పోవలసిన బలమంతా ఆకులోనే ఉండిపోతుంది. అలాంటి ఆకు పట్టుకుంటే వేళ్లు నల్లబడతాయి. సబ్బుతో వదలదు, పచ్చి టమాటా రుద్దుకునేవాళ్లం. మామగారు ఈ చుట్ట వెలిగించి మొదటి రెండు పీల్పులకు ఏమీ అనరు. తరువాత "గొంతు పట్టుకుంటోంది" అంటారు. అది ఫిర్యాదు కాదు, మెప్పు.

గరప నేల ఆకు దీనికి పూర్తిగా ఎదురు. ఇసుక పాలు ఎక్కువ ఉన్న నేలలో నీరు నిలవదు, నత్రజని నిలవదు. ఆకు పలుచగా, లేత రంగులో, మెత్తని ఘాటుతో వస్తుంది. పొదిలి వైపు నుంచి తెస్తామన్నారు. నేను చూసిన కట్టల్లో ఈనె సన్నంగా ఉంది, విరిస్తే పుటుక్కున విరిగింది. మామగారి తీర్పు: "చుట్టాలొస్తే ఇవ్వడానికి బాగుంటుంది." మొదలుపెట్టి చాలా ఏళ్లు కానివాళ్లు దీన్నే ఎక్కువగా కొంటారని ఆవిడ చెప్పారు.

ఈ తేడా సిగరెట్టు ఆకులోనూ ఉంది. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో పండే వర్జీనియా అనే సిగరెట్టు రకాన్ని పొగాకు బోర్డు దక్షిణ ప్రాంత తేలిక నేలలనీ నల్ల నేలలనీ రెండుగా విడగొట్టి చూడటం ఊరికే కాదు. వేలం కేంద్రంలో బేలు విప్పగానే, ఏ వైపు నుంచి వచ్చిందో చీటీ చూడకుండా చెప్పేవాళ్లు మా షెడ్డులో చాలామంది ఉండేవారు.

లంక కట్ట గురించి రెండు మాటలు చాలు. గోదావరి వరద తీశాక ఒండ్రు మీద వేసే పైరు అది. ఏటేటా కొత్త మట్టి. ఆ ఆకులో ఘాటు ఉంటుంది కానీ దాని వెనకే ఒక కమ్మదనం వస్తుందని మామగారు అంటారు. నూట ఇరవై మాత్రం ఎక్కువే. పైగా లోపలి ఆకు లంకదే అయినా పైన చుట్టిన ఆకు రేగడిదని నా చేతికి తెలిసింది. అడిగితే ఆయన దాచలేదు. "లంక ఆకు పైన చుడితే ఈనె లేచి పగులుతోందమ్మా, అందుకని" అన్నారు. నిజమే కావచ్చు. అయితే ఆ మాట కట్ట ఇచ్చేటప్పుడే చెప్పాల్సింది. ఆకు ఊరు చెప్పి అమ్మడమే మీ గొప్ప అయినప్పుడు సగం ఆకు ఊరు చెబితే ఎలా?

ఇప్పుడు ఆయన చేసి చూపించిన పరీక్ష. ఒకసారి నేను వెళ్లేసరికి ఒక రైతు నాటు ఆకు మూట తెచ్చి కూర్చున్నారు. సముద్రం వైపు ఊరు, బావి కింద పైరు. ఆకు చూడటానికి పెద్దది, నిండుగా ఉంది, రంగు కూడా బాగుంది. మా షెడ్డులో కంటికి నచ్చే ఆకే. ఈయన బేరం మొదలుపెట్టకుండా ఆ మూటలోంచి ఒక ఆకు, తన దగ్గరున్న రేగడి ఆకు ఒకటి తీసుకుని, రెండింటినీ ఈనె తప్పించి అరచేయంత ముక్కలు కత్తిరించారు. అగరుబత్తి వెలిగించి, నిప్పు కొసను రేగడి ముక్క మధ్యలో ఆనించి తీసేశారు. ఎర్రని చుక్క ఉంగరంలా మారి నెమ్మదిగా అంచుల వైపు పాకింది. వెనక మిగిలిన బూడిద తెల్లగా, అంటుకుని ఉంది. రెండో ముక్కకు ఆనించారు. చుక్క పడింది, గింజంత పాకింది, ఆరిపోయింది. చుట్టూ నల్లని అంచు మిగిలింది. మళ్లీ ఆనించారు, మళ్లీ అంతే. రైతు తల వంచుకుని, "నీళ్లు ఉప్పన" అన్నారు, ఎవరూ అడగకుండానే.

పొగాకు మొక్క ఉప్పులో ఉండే క్లోరైడును కళ్లు మూసుకుని పీల్చుకుంటుంది. నీటిలో ఉంటే నీటి నుంచి, ఎరువులో ఉంటే ఎరువు నుంచి. క్లోరైడు ఎక్కిన ఆకు గాలిలో తేమను లాగి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, నిప్పు నిలవదు, బూడిద నల్లబడుతుంది. పొటాషియం ఎక్కిన ఆకు దీనికి విరుగుడు, నిప్పును పట్టి ఉంచుతుంది. అందుకే పొగాకుకు పొటాష్ వేయాలి కానీ మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేయకూడదు, దానిలో బరువులో దాదాపు సగం క్లోరినే. సల్ఫేట్ రూపంలో ఉన్న పొటాషే వేయాలి. పొగాకు శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లుగా ఈ మాట చెబుతున్నారు. నాట్లకు ముందే బావి నీళ్లు పరీక్ష చేయించుకోమనీ చెబుతున్నారు. ధర తక్కువని ఆ మ్యూరేటునే, ఎరుపు పొటాష్ అంటారు, చల్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కొట్టాయన ఆ మూట కొనలేదు, టీ తాగించి పంపారు. బూడిద తెల్లగా రావడం కేవలం అందం కోసం కాదని, మధ్యమధ్య ఆరిపోయే చుట్టను మళ్లీ మళ్లీ వెలిగిస్తే నోరు చేదెక్కుతుందని మామగారు అంటారు.

మా మరిది డాలస్ నుంచి వచ్చినప్పుడు తండ్రి కోసం ఒక పెట్టె సిగార్లు తెచ్చాడు. నికరాగువావి. మామగారు ఒకటి కాల్చి, "పెళ్లి భోజనంలా ఉంది, రోజూ తినలేం" అని పెట్టె నాకిచ్చేశారు. దానిలోంచి ఒకటి పట్టుకుని కొట్టుకు వెళ్లాను. లోపల ఏముందో చూడాలన్న కుతూహలం నాకెంత ఉందో ఆయనకూ అంతే ఉంది.

ఆవిడ దాన్ని తడిగుడ్డలో కాసేపు పెట్టి, బ్లేడుతో పొడవునా గీసి, ఒక్కొక్క పొరే విప్పి పీట మీద పరిచారు. పై ఆకు చేతికి రాగానే ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. వేలు కింద పెడితే వేలు రంగు తెలుస్తోంది, అంత పలుచన. ఈనెలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. సాగదీస్తే సాగింది, చిరగలేదు. పెట్టె మీద ఈ ఆకు ఈక్వడార్‌దని రాసి ఉంది. అక్కడ పంట కాలమంతా మబ్బు కమ్ముకునే ఉంటుంది. ఎండ తగ్గితే ఆకు వెలుతురు కోసం వెడల్పు పెరుగుతుంది, మందం తగ్గుతుంది, ఈనెలు సన్నబడతాయి. మబ్బు లేనిచోట దాన్ని గుడ్డతో తెచ్చుకుంటారు. అమెరికాలో కనెక్టికట్ నది లోయలో 1900 ప్రాంతం నుంచీ పొలం మొత్తం మీద పలుచని గుడ్డ పందిరి వేసి పై ఆకు పండిస్తున్నారు. క్యూబాలోనూ పై ఆకు పొలాలకు పందిరే. మన జనవరి ఎండలో, పందిరి లేకుండా, ఈ ఆకు రాదు. అందుకే మన చుట్ట పై ఆకు మొరటుగా, ఈనెలు తేలి ఉంటుంది. అది చుట్టేవారి లోపం కాదు.

లోపలి ఆకు మూడు రకాలుగా ఉంది. నేను వాటిని వాసన చూసి, నలిపి, విడివిడిగా పెట్టాను. నాకు ఇది కొత్త పని కాదు, రెలుపు రెలుపుకూ, అంటే ఒక్కో కోతకూ, ఆకు వేరు చేయడమే నా బతుకు. మొక్క అడుగు ఆకు పలుచన, ముందు పండుతుంది, బాగా మండుతుంది, రుచి తక్కువ. సిగార్ల వాళ్లు దాన్ని వొలాడో అంటారు. నడిమి ఆకు సెకో, వాసన దానిది. తల ఆకు లిగెరో. ఎండంతా దాని మీదే పడుతుంది, అందరికంటే ఆలస్యంగా కోస్తారు, కాబట్టి మందం, బంక, ఘాటు. అది నెమ్మదిగా మండుతుంది కనుక సరిగ్గా మధ్యలో పెట్టి, చుట్టూ తేలిగ్గా మండే ఆకు కప్పుతారు. మా సిగారులో నడుమ ఉన్న రెండు ఆకులు ముదురు గోధుమ రంగులో జిడ్డుగా ఉన్నాయి, అవే లిగెరో అయి ఉండాలి. ఆవిడ ఆ అమరిక చూసి, "మేమైతే అన్నీ కలిపి మడుస్తాం" అన్నారు. నిజానికి ఇక్కడ వీళ్లు నేర్చుకోవలసింది ఉంది. ఊరూ నేలా వేరు చేసి కొంటున్నారు, మొక్కలో తలా అడుగూ వేరు చేయడం లేదు. రేగడి కట్టలో ఒక చుట్టకూ మరో చుట్టకూ ఘాటులో తేడా వస్తోందని మామగారు గొణిగేది అందుకే.

నికరాగువాలోనే ఎస్తెలీ నల్లని అగ్నిపర్వత మట్టిలో పండిన ఆకు ఘాటుకూ, జలాపా లోయలోని ఎర్రమట్టి ఆకు మెత్తదనానికీ పేరు. ఈ మాట కొట్టాయనకు చెబితే నవ్వి, రేగడి కట్టా గరప కట్టా పక్కపక్కన పెట్టి చూపించారు. క్యూబాలో పేరున్న వుయెల్తా అబాహో పొలాలు పినార్ దెల్ రియో రాష్ట్రంలో ఉన్నాయి. అక్కడా వానలు తగ్గాక నాటి, జనవరి నుంచి మార్చి వరకూ ఆకు కోస్తారు, అచ్చం మన లెక్కే. కష్టాలూ ఒకటే. 2022 సెప్టెంబరులో ఇయాన్ తుపాను ఆ రాష్ట్రం మీదుగానే పోయి ఆకు ఆరబెట్టే కొట్టాలను పడగొట్టింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన వైపు పైరులో నీళ్లు నిలిచాయి. పొగాకు వేరుకు నీళ్లు నిలిస్తే రెండు రోజుల్లో మొక్క వాలిపోతుంది. బతికిన ఆకు మీద కూడా బంక వానకు కడుక్కుపోతుంది. ఆ ఏటి ఆకు చప్పగా ఉందని అమ్మేముందే చెప్పి ధర తగ్గించి అమ్మారట వీళ్లు. నేను అప్పటికి ఈ కొట్టు ఎరగను కానీ, కొన్న వాళ్లే చెప్పారు.

ఇక చవక డబ్బా సంగతి. ఒక్కో చుట్ట మూడు రూపాయలు. విప్పి చూస్తే లోపల పసుపు పచ్చని ముక్కలు కనిపించాయి. అది బ్యారన్ ఆకు, అంటే వేడి పెట్టిన కొట్టంలో ఆరబెట్టిన సిగరెట్టు ఆకు, గ్రేడింగులో రాలిన తుక్కు. దాన్ని చుట్టలో పెట్టడం నాకు బొత్తిగా నచ్చలేదు. సిగారుకైనా చుట్టకైనా ఆకు నెమ్మదిగా ఆరాలి. కోసిన ఆకు వెంటనే చావదు. వారాల తరబడి గాలికి ఆరుతూ తనలోని పిండిని చక్కెర చేసుకుని, ఆ చక్కెరనూ తానే ఖర్చు పెట్టుకుని గోధుమ రంగుకు వస్తుంది. గాలి మరీ పొడిగా ఉంటే పచ్చదనం అలాగే గడ్డకడుతుంది, మరీ తేమగా ఉంటే కుళ్లుతుంది. బ్యారన్‌లో చేసేది వేరే పని. ఆకు పసుపు తిరగగానే వేడి పెంచి అక్కడికక్కడ ఆపేస్తాం, చక్కెర లోపలే ఉండిపోతుంది. సిగరెట్టుకు అది కావాలి. చుట్టలో పడితే పొగ నాలుకను కొరుకుతుంది. డబ్బా చుట్టను మామగారు సగంలోనే ఆర్పేశారు, అదీ ఏ వ్యాఖ్యా లేకుండా.

మంచి కట్టల ఆకును మాత్రం వీళ్లు మగ్గబెట్టి వాడతారు. వెనక గదిలో మండె, అంటే మగ్గడానికి పేర్చిన ఆకు కుప్ప, కట్టి ఉంది. ఆవిడ నన్ను చేయి పెట్టి చూడమన్నారు. మోచేతి వరకూ దూర్చాను. పైన చల్లగా ఉన్నది లోపలికి పోయేకొద్దీ వెచ్చబడి, నడుమ చేయి నిలపలేనంత వేడి. కళ్లలో నీళ్లు తెప్పించే అమ్మోనియా వాసన. ఆ వాసన పోయే కొద్దీ ఆకు పచ్చి కాటు తగ్గుతుంది. వేడి ముదిరితే మండె విప్పి, లోపలి ఆకు పైకీ పై ఆకు లోపలికీ తిప్పి మళ్లీ కడతారు. ఈ పని సరిగ్గా చేయని చోట నేల ఎంత మంచిదైనా వృథా. ఇక్కడ సరిగ్గానే చేస్తున్నారు.

ఫిర్యాదులు ఇంకా ఉన్నాయి. కట్టలకు పాత న్యూస్‌పేపరు చుట్టి ఇస్తారు. సిగరెట్టు పెట్టె మీద 2016 నుంచి ఎనభై ఐదు శాతం మేర హెచ్చరిక బొమ్మ ఉంటోంది. ఇక్కడ బొమ్మా లేదు, అక్షరమూ లేదు. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లకు అమ్మరని నా ఎదుటే ఒక కుర్రాడిని తిప్పి పంపినప్పుడు చూశాను, అది మెచ్చుకోవాలి. కానీ హెచ్చరిక అచ్చు వేయించడం పెద్ద ఖర్చేమీ కాదు. గదిలో కిటికీ లేదు, ఆవిడ రోజంతా ఆ ధూళిలోనే కూర్చుంటారు. ముక్కుకు గుడ్డ కట్టుకోమని నేను చెప్పినప్పుడల్లా తల ఊపుతారు, కట్టుకోరు. చిన్నప్పుడు తడి ఆకు మోసి తల తిరిగి వాంతులు చేసుకున్నదాన్ని కనుక ఆ మాట ఊరికే అనడం లేదు. నికోటిన్ చర్మంలోంచి కూడా ఎక్కుతుంది.

వానాకాలంలో నెలకు సరిపడా కొనకండి. ఒక కట్ట కొని డబ్బాలో బిగించి పెట్టుకోండి, లేకపోతే బూజు పడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకూ కొట్టు మూసి ఉంటుంది. ఫోనులో ఆర్డరు తీసుకోరు. రేగడి కట్ట అడిగేటప్పుడు ఏ ఏటి ఆకని కూడా అడగండి. కిందటేటిది ఉంటే అదే ఇమ్మనండి, ధర ఒకటే. లేదంటే వచ్చే నెల రమ్మంటారు, వెళ్లండి.